పొయ్యి వెనక గోడ

సత్యవతమ్మ పొయ్యి మీద మొట్టమొదట నేరం మోపింది మనిషి కాదు, ఒక టీవీ. అదీ మాట్లాడే టీవీ కాదు, నోరు పడిపోయిన టీవీ.

బందరులో ఆ ఇల్లు ఒకప్పుడు ఒక్క ఇల్లే. అన్నదమ్ములిద్దరూ వాటాలు పంచుకున్నాక మధ్యలో గోడ లేచింది. చిన్నవాడు భూషణానికి తూర్పు వాటా, రోడ్డు మీదికి. పెద్దవాడికి పడమటి వాటా, వెనక సందులోంచి దారి. పెద్దవాడికి పడమర ఇవ్వడం ఆనవాయితీ అన్నారు. ఈ ఆనవాయితీలన్నీ ఎప్పుడూ రోడ్డు వైపున్నవాడికే ఎందుకు కలిసొస్తాయో సత్యవతమ్మకి ఇప్పటికీ బోధపడలేదు. ఆ పెద్దవాడే సత్యవతమ్మ మొగుడు. పంపకాలైన కొన్నాళ్లకే పోయాడు. పిల్లల్లేరు. ఆవిడకి మిగిలింది రెండు గదులూ, ఒక పెరడూ, ఆగ్నేయ మూల వంటగదీ, అందులో తన చేత్తో వేసుకున్న మట్టిపొయ్యీ.

ఆ పొయ్యే ఆవిడ బతుకు. ఏ మరిదీ, ఏ అన్నదమ్ముడూ పెట్టిన కూడు తినలేదావిడ. శనగపిండి కలిపి నేతిలో చక్రాలు వండి, వాటిని రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో వేసి మళ్లీ దంచి, యాలకులూ పచ్చకర్పూరమూ తగిలించి లడ్డు చుట్టేది. బందరు లడ్డు ఎవరైనా చేస్తారు. కానీ బజార్లో స్వీట్ల దుకాణం ముందు నిలబడి "సత్యవతమ్మగారి లడ్డు వచ్చిందా?" అని అడిగి, రాలేదంటే వెనక్కి తిరిగిపోయేవాళ్లుండేవారు. దుకాణంవాడు తన పెళ్లాం చేసినవి ముందుకి తోసినా సరే, "మళ్లీ వస్తాంలెండి" అని వెళ్లిపోయేవారు. ఆ సంగతి దుకాణంవాడే మొహం మాడ్చుకుని చెప్పేవాడు. విన్న రోజు సత్యవతమ్మ అన్నంలో ఇంకో నేతిబొట్టు వేసుకునేది.

ఇక గోడ సంగతి. పంపకాలప్పుడు ఖర్చు తగ్గుతుందని ఒంటి ఇటుకతో లేపిన గోడ అది. ఇటువైపు ఆవిడ పొయ్యి, అటువైపు భూషణం నైరుతి గది. బందరులో గోడలు ఎలాంటివో తెలిసిందే. సముద్రపు గాలికి ఏడాది పొడుగునా చెమ్మ, సున్నం పెచ్చులు పెచ్చులుగా లేచి ఉప్పు పూస్తుంది. అగ్గిపెట్టె నాలుగు రోజులు గూట్లో ఉంటే గీసినా అంటుకోదు. అలాంటి ఊళ్లో, అలాంటి ఇంట్లో, ఏ కాలంలోనైనా ఎండుగా వెచ్చగా ఉండేది ఆ ఒక్క గోడే. సరుగుడు కట్టెల సెగ రోజంతా తగిలే గోడ మరి.

భూషణం పెళ్లాం వెంకాయమ్మ ఆ గోడని ఎంతలా వాడుకుందో దేవుడికెరుక. వానాకాలం కొడుకు గిరిధర్ యూనిఫాం ఆ గోడకే ఆరేది. దోసెల పిండి గిన్నె ఆ గోడకే ఆనించేది, తెల్లారేసరికి పొంగేది. చలికాలంలో పాలు తోడేసి ఆ గోడ పక్కనే పెట్టేది. ఉప్పు జాడీ, అప్పడాల డబ్బా, అగ్గిపెట్టెలు అన్నీ అక్కడే. పెరట్లో కనబడినప్పుడు "అక్కా, గడ్డపెరుగు తోడుకుందంటే అంతా నీ పొయ్యి చలవ!" అని నవ్వేది. సత్యవతమ్మ కూడా నవ్వేది. వేడి పంచిపెట్టడానికి ఖర్చేముంది?

కలర్ టీవీ కొన్నప్పుడు భూషణం దాన్ని ఎక్కడ పెట్టించాడయ్యా అంటే, ఆ గోడకే. వీధి గదిలో చెమ్మ, నడవలో జల్లు. పైగా నైరుతిలో బరువుండాలన్నాడెవడో వాస్తు చెప్పేవాడు. గోడకి చెక్క షోకేసు కొట్టించి, అందులో టీవీని అంగుళం సందు లేకుండా ఇరికించాడు. వెంకాయమ్మ కుట్టుపూల గుడ్డ కవరు కుట్టి మెడదాకా కప్పింది. పైన గాజు హంసలు, వెంకటేశ్వరస్వామి పటం, శుక్రవారం శుక్రవారం పటం ముందు నూనెదీపం. కొబ్బరికాయ కొట్టడానికి సత్యవతమ్మనీ పిలిచారు. వెళ్లింది, చాప మీద కూర్చుని సినిమా చూసింది, లడ్డూలు పంచింది. అప్పుడు ఎవరికీ గోడ వేడి గుర్తు రాలేదు.

మరుసటి ఎండాకాలం చివర్లో, సీరియల్ మధ్యలో, టీవీ ఒక్కసారి ముక్కి ఆరిపోయింది.

రిపేరు చేసే యలమంద వచ్చాడు. వెనక డొప్ప విప్పి, లోపల ముక్కు పెట్టి వాసన చూసి, "వేడికి పోయిందండీ" అన్నాడు.

ఆ ఒక్క మాట చాలు భూషణానికి. గవర్నమెంటు ఆఫీసులో పనిచేసేవాడు కదా, కారణం దొరికితే ఇక ఊరుకోడు. జ్వరం చూసినట్టు గోడ మీద అరచెయ్యి వేశాడు. తీశాడు. మళ్లీ వేశాడు. సందులోంచి చుట్టూ తిరిగి వచ్చి వదిన్ని పిలుచుకెళ్లాడు.

"మీరే చెయ్యేసి చూడండి వదినా."

సత్యవతమ్మకి గోడకంటే ముందు ఆ 'మీరు' తగిలింది. కాపురానికొచ్చేనాటికి భూషణం నిక్కర్ల పిల్లాడు. తలంటి పోసింది, జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకుంది. ఏనాడూ 'నువ్వు' తప్ప అన్నవాడు కాదు. చెయ్యి వేసింది. గోడ వెచ్చగానే ఉంది. లేదని ఎలా అంటుంది?

"వెచ్చగా ఉందిరా. ఎప్పుడూ ఉండేదే కదా. మరి ఆ టీవీకి చలికాలం పసిపిల్లకి కప్పినట్టు ఆ గుడ్డేంటి? దానిమీద దీపమేంటి? గాలాడకుండా ఆ పెట్టెలో కుక్కడమేంటి?"

"దుమ్ము పడకుండా కవరు వెయ్యరా అక్కా? లోకంలో అందరూ వేసుకోవట్లా?" అంది వెంకాయమ్మ, గుడ్డ కవరు గుండెకి హత్తుకుని.

సత్యవతమ్మ యలమంద వైపు తిరిగింది. "నువ్వు చెప్పు నాయనా. నా పొయ్యి వేడేనా?"

యలమంద బుర్ర గోక్కున్నాడు. భూషణం మొహం చూశాడు, ఆవిడ మొహం చూశాడు. "వేడి వేడేనండీ పిన్నిగారూ. ఎటునుంచొచ్చిందో పార్టు చెప్పదు కదా" అన్నాడు.

ఆ మాటకి రెండు అర్థాలు తియ్యొచ్చు. భూషణం తనకి కావలసింది తీసుకున్నాడు.

అక్కణ్నుంచి రోజూ సాధింపే. టీవీ బాగై వచ్చింది గానీ భూషణం అనుమానం బాగవలేదు. బొమ్మ కొంచెం ఊగితే గోడ మీద దబదబా బాదేవాడు, ఇక్కడ పాకం ఉడుకుతున్నా సరే. పాకం ఆగుతుందా? కట్టె వెనక్కి లాగితే ముదరదు, లాగకపోతే అవతల మనిషి ఆగడు. సత్యవతమ్మకి ఒళ్లు మండిపోయేది. మూకుడు ముందు నిలబడి, "టీవీకి ఒంట్లో బాలేదని ఊరంతా నాకే పత్యం పెడుతున్నారు" అని తనలో తనే తిట్టుకునేది.

చివరికి పంచాయితీకి చల్లపల్లి నుంచి పెద్దమనిషిని పిలిపించారు. అన్నదమ్ములిద్దరికీ మేనమామ, పేరు వెంకట్రామయ్య. బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, ముందు సత్యవతమ్మ వంటగదిలోకే వచ్చాడు. పళ్లెంలో పెట్టిన లడ్డు తిన్నాడు. "ఆహా, నోట్లో వేస్తే కరిగిపోతోందే అమ్మాయ్" అన్నాడు. ఇంకోటి తిన్నాడు. ఇంటికి పట్టుకెళ్లడానికి పొట్లం కట్టించుకున్నాడు. మీసాలకి అంటిన నెయ్యి తుడుచుకుని, పొయ్యి కేసి చూసి, అప్పుడు తీర్పు చెప్పాడు.

"చూడమ్మాయ్ సత్యవతీ. టీవీ కదపాలంటే షోకేసు ఊడబెరకాలి, కేబులు వైరు మార్చాలి. వాడికదంతా తలనొప్పి. నీ పొయ్యిదేముంది? మట్టి. మట్టి ఎక్కడ పెట్టుకున్నా పొయ్యే అవుద్ది."

"బాబాయిగారూ, ఇది నా అన్నం."

"అన్నం తినొద్దన్నామా? పొయ్యి జరపమన్నాం."

"గోడ వాళ్లది కూడా కదండీ. వాళ్లే టీవీ జరుపుకోవచ్చుగా?"

"ఒంటరిదానివి, నలుగురితో కలిసి మెలిసి ఉండాలమ్మా. రేపు నీకు దిక్కెవరు? వాడేగా!" అని పొట్లం చంకలో పెట్టుకుని లేచాడు.

దిక్కు మాట ఎత్తాక ఆడది ఇంకేం మాట్లాడుతుంది? ఆ సాయంత్రమే పలుగు తీసుకుని పొయ్యిని తనే పొడిచేసింది. పరాయివాడి చేత పొడిపించడం ఇష్టం లేకపోయింది. ఏళ్ల తరబడి కాలిన మట్టి, ఇటుకంత గట్టిగా ఉంది. ముక్కలు ముక్కలుగా ఊడుతుంటే ఆవిడకి ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. గోడకి మాత్రం నల్లటి మసి మచ్చ ఒకటి మిగిలింది.

మరి ఎక్కడ పెట్టుకోవాలి? పెరట్లో ఈశాన్యం మూల ఖాళీ ఉంటే అక్కడ మట్టి తెచ్చి పోసింది. భూషణం పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఈశాన్యంలో నిప్పేంటి వదినా! ఇంటాయనకి గండం!"

"ఇంటాయన పోయి ఏళ్లయిందిరా."

"అయితే మీకే గండం. రేపు మీకేమన్నా అయితే లోకం మమ్మల్నంటుంది."

వాయవ్యంలో మరుగుదొడ్డి. దాని పక్కన లడ్డు చేస్తే ఎవడు తింటాడు? తన నైరుతి గదిలో పొగ పోయే దారి లేదు. ఇక మిగిలింది నడిపెరడు. సరే అని అక్కడే వేసింది, పైన రేకు కప్పించింది. మంగినపూడి సముద్రం వైపునుంచి కొట్టే గాలికి మంట ఒక పక్కకి ఒరిగిపోయేది. మూకుడు ఒకవైపు మాడేది, ఒకవైపు పచ్చిగా ఉండేది. గాలికి ఇసుక, జల్లుకి చెమ్మ. పాకం జావకారేది. గ్యాసు మీద చేద్దామా అంటే, ఆ మూకుడు గ్యాసు పొయ్యి మీద ఎక్కదు, ఎక్కినా ఆ రుచి రాదు. లడ్డు చుడితే విచ్చుకుపోయేది. దుకాణంవాడు కొన్నాళ్లు మొహమాటపడ్డాడు, తర్వాత డబ్బా డబ్బా తిప్పి పంపాడు. "పేరు పోతోందండీ సత్యవతమ్మగారూ" అన్నాడు. ఎవరి పేరో చెప్పలేదు.

పొయ్యిలో పిల్లి లేవకపోవడం వేరు. ఆ పిల్లి పడుకోవడానికే పొయ్యి లేకుండా పోవడం వేరు. మొదటిది ఎప్పుడో ఒకప్పుడు తీరుతుంది.

చివరికి ఆ దుకాణం వెనక వంటశాలలోనే కూలికి కుదిరింది. అదే శనగపిండి, అదే పాకం. కానీ పొయ్యి వాళ్లది, డబ్బా మీద పేరు వాళ్లది. కొన్నాళ్లదాకా జనం "సత్యవతమ్మగారి లడ్డు" అని అడిగారు. వంటశాల గోడకి అవతలే నిలబడి వినేది. తర్వాత అడగడం మానేశారు. అడగడం మానేసిన రోజు ఏదో ఆవిడకి తెలియనే లేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఇక్కడ గోడ కథ ఇంకోలా నడిచింది. పొయ్యి తీసేసిన మొదటి వానాకాలానికే ఆ గోడ కూడా మిగతా గోడల్లా తయారైంది. చెమ్మ ఎక్కింది, సున్నం పొక్కింది, షోకేసు వెనక చెక్కకి తెల్లటి బూజు పట్టింది. వెంకాయమ్మ దోసెల పిండి పొంగలేదు. గిరిధర్ బట్టలు ముక్కిన వాసన కొట్టాయి. ఉప్పు జాడీలో నీళ్లూరాయి. ఆ మరుసటేడు టీవీ మళ్లీ పోయింది. యలమంద డొప్ప విప్పి, "చెమ్మండీ. లోపలంతా తుప్పే" అన్నాడు.

ఆ సంగతి వెంకాయమ్మే పెరట్లో నోరు జారి చెప్పేసింది. సత్యవతమ్మ చేతిలో చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. భూషణం వస్తాడనుకుంది. వచ్చి, "పొరపాటైంది వదినా, నీ పొయ్యి నువ్వు పెట్టుకో" అంటాడనుకుంది. తలంటి పోసిన పిల్లాడు కదా! ఎదురుచూసింది, సిగ్గులేకుండా ఎదురుచూసింది.

వచ్చాడు. ఏమన్నాడో తెలుసా? "అప్పట్లో మీ పొయ్యి వేడికి దెబ్బతిన్న సెట్టే కదా వదినా. ఎన్నాళ్లు లాగుద్ది పాపం!"

సత్యవతమ్మ లోపలికెళ్లి తలుపు వేసుకుంది.

రోజులు మారాయి. గిరిధర్ పెద్దవాడయ్యాడు, కంప్యూటర్ చదువు చదివాడు. ఆ నైరుతి గదిలోనే కంప్యూటర్లు పెట్టి పిల్లలకి నేర్పుతానన్నాడు. భూషణం మురిసిపోయాడు. కంప్యూటర్లకి చల్లదనం కావాలట, లేకపోతే పనికిరాకుండా పోతాయట. ఏసీ కొన్నారు. కిటికీకి పెట్టే రకం, పెట్టెలా ఉంటుంది. మూతి గదిలోకి, ముడ్డి బయటికి. తూర్పున వీధి గది, దక్షిణాన పక్కింటివాళ్ల గోడ, ఉత్తరాన వాళ్ల నడవ. ఇక బయట అంటే ఎక్కడ?

ఆ సాయంత్రం దుకాణం నుంచి వచ్చిన సత్యవతమ్మ వంటగది తలుపు తీసి అలాగే ఆగిపోయింది. గోడకి కంత కొట్టేసి ఉంది. ఆ కంతలోంచి ఇనప పెట్టె వెనక భాగం తన వంటగదిలోకి పొడుచుకొచ్చింది, సరిగ్గా మసి మచ్చ మీద. బొయ్యిమని తిరుగుతోంది. నేలంతా ఇటుక పొడి. మాటమాత్రం చెప్పలేదు. ఆవిడ రాత్రిళ్లు మంచం వేసుకునేది ఆ గదిలోనే, పెద్ద కిటికీ ఉందని.

దగ్గరికెళ్లి అరచెయ్యి పెట్టింది. పొయ్యి రోజుల్లో గోడ ఏనాడూ అంత వేడెక్కలేదు.

చుట్టూ తిరిగి వాళ్ల వాకిట్లోకి వెళ్లింది. కంప్యూటర్ గదిలోంచి చల్లటి గాలి కాళ్లకి తగిలింది. "భూషణం, ఆ వేడంతా నా గదిలోకి కొడుతోందిరా" అంది.

"కంప్యూటర్లు కదా వదినా. వేడి తగిల్తే పాడైపోతాయి" అన్నాడు ఎంతో ఓపికగా, తెలియనివాళ్లకి చెప్పినట్టు.

"మరి నాకు తగల్దా?"

భూషణం నవ్వాడు. వెటకారం కూడా కాదు, నిజంగానే ముద్దుగా నవ్వాడు. "మనిషికేమవుద్ది వదినా! మెషీన్లయితే పోతాయి గానీ. అయినా పొయ్యి ముందు కాగిన ఒళ్లు మీది, మీకిదొక లెక్కా?"

ఆవిడ తిరిగొచ్చేసింది. ఆ రాత్రి పెరట్లో మంచం వేసుకుంది. కళ్లు మూసుకుంటే ఆ నవ్వే కనబడింది. పొయ్యి పోయినప్పుడు, పేరు పోయినప్పుడు, దుకాణంలో కూలికి నిలబడినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఇన్నేళ్లూ తన వేడికీ వాళ్ల వస్తువుకీ తగాదా అనుకుంది. కాదు. ఆ గోడకి ఇటుపక్క పాడయ్యేది ఏదైనా ఉందని వాళ్లు ఏనాడూ అనుకోలేదు.

మర్నాడు పనికి వెళ్లలేదు. పుట్టమట్టి తెప్పించుకుంది. ఊక కలిపి తొక్కింది. ఏసీ పెట్టె కింద, మసి మచ్చ ముందు, పాత చోటనే పొయ్యి వేసింది. లడ్డు చెయ్యాలని కాదు. మూకుడు ఎప్పుడో అమ్మేసింది. దుకాణంలో దంచడానికి వేరేవాళ్లున్నారు గానీ, తనే రోకలి ఎత్తితే మణికట్టు ఇప్పుడు సహకరించదు. చేసినా అడిగేవాళ్లెవరున్నారు? ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. తెలిసే అలికింది, తెలిసే ముగ్గు పెట్టింది.

పొయ్యి ఆరాక, మూడు సరుగుడు కట్టెలు పెట్టి అంటించి, ఒంటరి మనిషికి సరిపడా గిన్నెలో ఎసరు పడేసింది. సెగా పొగా నేరుగా ఆ పెట్టె మీదికి లేచాయి. కాసేపటికి పెట్టె మూలిగింది, ఊపిరాడనట్టు గొణిగింది, టక్కున ఆగిపోయింది. అవతల గిరిధర్ "పెద్దమ్మా! పెద్దమ్మా!" అని గోడ బాదాడు. ఆ వెనకే సందులోంచి భూషణం రొప్పుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, ఏం పనిది! పొయ్యార్పండి ముందు. మెషీన్ పాడైపోద్ది!"

సత్యవతమ్మ కట్టె ఇంకొంచెం లోపలికి తోసింది.

"మీకు చెప్తుంటే కాదూ? అయితే వెంకట్రామయ్య మావయ్యని పిలుస్తా. ఆయనే తేలుస్తాడు!"

"పిలువు" అంది ఆవిడ, తల తిప్పకుండానే. "ఈసారి పెట్టడానికి లడ్డూల్లేవని ముందే చెప్పి మరీ పిలువు."

ఎసరు మరిగింది. కడిగిపెట్టిన పిడికెడు బియ్యం అందులో పోసి మూత పెట్టింది.